తేల్చుకోవాల్సింది రేవులోనే

తాగొచ్చాడని వాడి మీద అరవకండ్రా. రెక్క పట్టుకుని లాగకండి. మంటకి ఎడంగా ఆ అరుగు మీద కూర్చోబెట్టి, భోగిపిడకల దండలన్నీ వాడి ఒళ్ళో పెట్టండి. “బాబాయ్, పిల్లలొస్తే ఒక్కో దండా నువ్వే అందివ్వాలి, ఎవరికీ రెండేసి ఇవ్వకు” అని చెప్పండి. చూశారా, కూర్చున్నాడు! ఇందాకటి నుంచీ నలుగురు కలిసి కదల్చలేకపోయిన మనిషి, పని చెప్పేసరికి తనంతట తానే సర్దుకున్నాడు. కోడిపందేలింకా మొదలే కాలేదు, వీడు అప్పుడే ఓడిపోయి వచ్చినట్టున్నాడు పాపం.

నవ్వుతారేంట్రా? ఈ విద్య నాకు ఊరికే రాలేదు. యానాం రేవులో తాగినవాళ్ళని ఎక్కించుకుని, ఎదుర్లంక రేవులో ప్రాణాలతో దించి, ఆ డబ్బుల్తోనే మీ నాన్నల్ని పెంచాను. ఆ దుంగ ఇటు జరిపి కూర్చోండి, చెప్తాను.

ఇప్పుడు మీరు బండి మీద రయ్యిమని బాలయోగి వారధి ఎక్కి, మాట పూర్తయ్యేలోపు అవతల దిగుతున్నారు. ఆ బాలయోగి గారిది ఎదుర్లంకే. మన రేవు దాటి చదువుకుని, లోక్‌సభ స్పీకరు దాకా వెళ్ళి, 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. వంతెనకి ఆయన పేరే పెట్టారు. అది రాకముందు గౌతమి దాటాలంటే నావో, లాంచీయో, బండ్లుంటే పంటో. అవతలి ఒడ్డు ఇక్కణ్ణుంచి సన్నగీతలా కనబడేది. పైగా సముద్రం దగ్గర కదా, పోటూ పాటూ ఉన్న ఏరు. పొద్దున నిండుగా ఉన్నచోట సాయంత్రానికి తిప్ప లేచేది. దాన్ని తెలిసినవాడే సరంగు.

యానాందో విచిత్రమైన జాతకం. ఏరు ఒకటే, మనుషులు ఒకటే, భాషా ఒకటే, చట్టం మాత్రం వేరు. మా నాన్న చెప్పేవాడు, 1929లో శారదా చట్టం వచ్చాక ఇటువైపు చిన్నపిల్లలకి పెళ్ళి చేస్తే నేరమయింది. యానాంలో ఫ్రెంచివాళ్ళ ఏలుబడి కాబట్టి ఆ చట్టం అక్కడ చెల్లదు. ఇంకేముంది, పల్లకీలూ మేళాలూ నావలెక్కి యానాం వెళ్ళేవట. దానికి కల్యాణపురం అని పేరే పడిపోయింది. తర్వాత 1948 కల్లా మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. ఫ్రెంచి యానాంలో సీసాలు బాహాటంగా అమ్మేవాళ్ళు. పెళ్ళివాళ్ళు మానేశారు, తాగేవాళ్ళు మొదలెట్టారు. 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు గానీ, యానాం పుదుచ్చేరిలో భాగంగానే ఉండిపోయింది. అందుకని చట్టాల తేడా అలాగే మిగిలింది. ఒడ్డుకో చట్టం ఉన్నచోట మధ్యలో నలిగేది నావవాడే.

నాకు తెడ్డు పట్టడం నేర్పింది మా పెదనాన్న. ఇంజన్లు లేవు, గెడా, తెడ్డూ, గాలొస్తే చాప. ఆయన చదువుకోలేదు గానీ మనిషిని చదివేవాడు. ఒడ్డుకీ నావకీ మధ్య మూరెడు వెడల్పైనా లేని బల్ల ఒకటి వేసేవాడు. ఎక్కేవాళ్ళంతా దాని మీదుగానే రావాలి. ఆయన బల్ల చివర నిలబడి, అందరి కాళ్ళవంకే చూసేవాడు. “నోరు అబద్ధమాడుద్దిరా, కాళ్ళకి చేతకాదు” అనేవాడు. ఎవడి పాదం బల్ల అంచు వెతుక్కుంటోందో, ఎవడు మధ్యలో ఆగి చేతులు చాపాడో, వాడు ఆ ట్రిప్పుకి లేడు.

అక్కడుంది అసలు నేర్పు. “నువ్వు తాగావు, దిగు” అని ఆయన ఎవరితోనూ అన్నట్టు నేను వినలేదు. అంటే ఏమవుద్దో తెలుసుగా? “నేను తాగానా? ఎవడ్రా చెప్పింది?” అని అక్కడే కురుక్షేత్రం. పెదనాన్న దగ్గరకెళ్ళి, చెవిలో చెప్పినట్టు, “బాబుగారూ, పోటు తిరగాలండి. మీలాంటి పెద్దవాళ్ళని తొందరపెట్టి తీసుకెళ్ళడం నాకిష్టం లేదు. ఆ చెట్టు కింద కూర్చోండి, నేనే వచ్చి పిలుస్తాను” అనేవాడు. పోటు మీద నెపం వేస్తే ఎవడికి కోపం? ఆ మనిషికి పరువు దక్కేది, నావకి బరువు తగ్గేది. సగం మంది ఆ చెట్టు కిందే గుర్రుపెట్టేవాళ్ళు.

“ఒక్కడు తాగితే అంత భయమేంటి తాతా, పడితే వాడే పడతాడు” అంటావా? అక్కడే మీరు పొరబడేది. వాడు పడితే ఒక ప్రాణం. వాడు లేచి నిలబడితే ముప్పై ప్రాణాలు. కూర్చున్న మనిషి బరువు నావ అడుగున ఉంటుంది. నిలబడితే అదే బరువు పైకెక్కుతుంది. నిలబడ్డవాడు తూలాడనుకో, పక్కవాడు పట్టుకోడానికి లేస్తాడు, ఆ పక్కవాడు చూడ్డానికి లేస్తాడు. అందరూ ఒకే పక్కకి. నావ ఒరిగిందంటే, ఆ ఒరగడం చూసి మిగతావాళ్ళు హడలిపోయి లేస్తారు. తాగనివాళ్ళే దాన్ని తిరగేస్తారు, మొదలెట్టింది మాత్రం తాగినవాడు. తిరగబడ్డాక పోలీసులు అడిగేది సరంగునే. పనికిరాని పడవలో గానీ, మోయలేనంత మందిని గానీ డబ్బు తీసుకుని ఎక్కిస్తే అప్పటి ఐపీసీలో 282వ సెక్షన్ ఉండేది. తాగినవాడికి ఏ సెక్షనూ ఉండదు, వాడు అప్పటికి ఏట్లో ఉంటాడు.

ఇక నా సొంత కాలానికొస్తాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ గాలి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా ఆగింది. 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావు గారు పూర్తి నిషేధం తెస్తానని చెప్పి గెలిచారు. 1995 జనవరి 16, అంటే సంక్రాంతి వెళ్తూ వెళ్తూనే, రాష్ట్రంలో మందు కొట్లన్నీ మూతపడ్డాయి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు దణ్ణం పెట్టుకున్నారు. మన రేవుకి మాత్రం తిరనాళ్ళొచ్చింది.

పొద్దున వెళ్ళేటప్పుడు అందరూ బుద్ధిమంతులే. ఇస్త్రీ చొక్కాలు, చేతిసంచీలు, “యానాంలో చుట్టాలున్నారండీ” అనే మాటలు. అంతమంది చుట్టాలు యానాంలో ఎక్కడ పట్టారో ఆ దేవుడికే తెలియాలి. సాయంత్రం తిరుగు ట్రిప్పులోనే ఉండేది తంటా. అదే లాంచీలో బడిపంతులమ్మలు, ఆసుపత్రి నుంచి వచ్చే రోగులు, ఖాళీ గంపల్తో చేపలమ్మే ఆడవాళ్ళు.

ఆ రోజుల్లో పెదనాన్న బల్ల పరీక్ష కూడా చాల్లేదురా. ఎందుకో చెప్తాను. ఎదుర్లంక రేవులో ఎక్సైజు వాళ్ళు సంచీలు వెతికేవాళ్ళు. సీసా పట్టుకెళ్తే కేసు. డబ్బు పెట్టి కొన్నది పారబొయ్యడానికి ఎవడికి మనసొప్పుద్ది? అందుకని యానాం రేవులో లాంచీ కూత వినబడేదాకా తాగి, మిగిలింది ఒక్క గుక్కలో దింపేసి, పరిగెత్తుకొచ్చి ఎక్కేవాళ్ళు. మందు గొంతు దిగిన వెంటనే తలకెక్కదు. పావుగంటో, అరగంటో పడుతుంది. బల్ల మీద సిపాయిలా నడిచొచ్చినవాడు, నడిగోదాట్లోకొచ్చేసరికి నాట్యం మొదలెట్టేవాడు. అది కనిపెట్టాక నేను కాళ్ళు చూడ్డంతో ఆపలేదు. రొప్పుకుంటూ వచ్చినవాణ్ణి టీ బడ్డీ దగ్గర కూర్చోబెట్టి, టీ తాగాకే ఎక్కించేవాణ్ణి. టీకి మత్తు దిగదు, ఎవరైనా దిగుద్దంటే నమ్మకండి. టీ తాగేలోపు ఎక్కాల్సింది ఎక్కేస్తుంది, వాడి అసలు రంగు ఒడ్డు మీదే బయటపడుతుంది. అంతే దాని ఉపయోగం.

అయినా ఒక రాత్రి తప్పలేదు. అమావాస్య దగ్గర రోజులు, పాటు బాగా లాగుతోంది. ఆఖరి ట్రిప్పు. మధ్య దాటాక ఎదుర్లంక ఒడ్డు మీద టార్చిలైట్లు కదులుతున్నాయి. ఎవడో “పోలీసులొచ్చార్రోయ్!” అన్నాడు. అంతే, వెనకబల్ల మీదున్న వాళ్ళంతా ఒక్కసారి లేచారు. నడుంలోంచీ, సంచుల్లోంచీ సీసాలు తీసి ఏట్లో పారెయ్యడానికి ఎడమపక్కకే ఎగబడ్డారు. అంచు నీళ్ళకి బెత్తెడు దూరంలోకి వచ్చేసింది. ఒకావిడ గంప జారి నీళ్ళలో పడింది. కుడిపక్కనున్న ఆడవాళ్ళు కేకలేసి లేవబోతున్నారు.

చుక్కాని గట్టిగా తిప్పితే ఇంకా ఒరుగుతుంది. “కూర్చోండి” అని అరిస్తే ఆ గోలలో ఎవడికి వినబడుద్ది? ఇంజను ఆపేశాను. అంతసేపూ చెవిలో డబడబలాడిన చప్పుడు ఆగేసరికి తాగినవాడు కూడా ఏమయిందా అని ఓసారి ఆగుతాడు. నాకు కావాల్సింది ఆ ఒక్క క్షణం. అప్పుడు నింపాదిగా అన్నాను: “తిప్పకి తగిలాం. అడుగు చెక్క లేచింది. ఎక్కడివాళ్ళు అక్కడే కిందకి కూర్చుంటే నిలబడుద్ది, లేకపోతే చీలుద్ది.” చెక్కా లేదు, చీలడమూ లేదు. కానీ అరుపుకి లొంగనివాళ్ళు ఆ మాటకి కూలబడ్డారు. నా కళాసి కుర్రాడు ఒక్కొక్కణ్ణీ భుజం తట్టి, నడిమికి జరిపాడు. పాటు మమ్మల్ని దిగువకి లాక్కెళ్తోంది. అటు కుడిచేతివైపు తిప్ప లేస్తుందని నాకు తెలుసు. గెడ వేసి మెల్లగా ముందుభాగం ఇసకలోకి ఎక్కించాను. నిజంగానే తిప్పకి తగిలాం, ఈసారి నా ఇష్టంతో.

ఇసక మీద కూర్చున్న పడవని ఎంత తాగినవాడూ తిరగెయ్యలేడు. మళ్ళీ పోటొచ్చి లేపేదాకా అక్కడే ఉన్నాం. దోమలు, చలి. గంప పోయిన ముసలావిడ లేచి చీర చెంగు బిగించింది. “మీ పెళ్ళాలు ఓట్లేసి మందు మాన్పిస్తే, మీరు ఏరు దాటొచ్చి మమ్మల్ని ముంచుతార్రా?” అని మొదలెట్టి, వాళ్ళ తాతముత్తాతల దాకా వెళ్ళింది. ఒక్కడూ కిక్కురుమనలేదు. ఒకడు జేబు తడుముకుని గంప డబ్బులు ఇచ్చాడు కూడా. పోటు తిరిగాక రేవుకెళ్ళి చూస్తే, ఆ టార్చిలు పోలీసులవి కావు, పీతలు పట్టే కుర్రాళ్ళవి!

1997లో నిషేధం ఎత్తేశారు, తిరనాళ్ళు ముగిసింది. తర్వాత వంతెనొచ్చి రేవే పోయింది. అప్పుడు చిన్న డీజిల్ బోటు పెట్టుకుని గాలం పార్టీలని తిప్పాను. కాకినాడ నుంచీ అమలాపురం నుంచీ ఆదివారాలు వచ్చేవాళ్ళు. కోరింగ అభయారణ్యం హద్దులోకి పోకుండా, ఇవతలి పాయల్లో పండుగొప్పకి గాలాలేసి, పడ్డదాన్ని తిప్ప మీద కూరొండుకుని తినిపోవడం. మంచి బేరమే. కానీ రేవు దాటించడం వేరు, రోజంతా అద్దెకివ్వడం వేరు. “డబ్బులిచ్చాం, బోటు మాది” అంటారు. బోటు వాళ్ళదే, ఒప్పుకున్నాను. ఏరు నాది.

చేపల దగ్గర మందు ఇంకా ప్రమాదం. చేతిలో గాలం, కింద జారుడు. ఒకాయన, మంచి హోదా ఉన్న మనిషి, గాలానికి పడ్డ జెల్లని పిడికిట్లో పట్టుకుని ఫొటో తియ్యమన్నాడు. దాని వీపు ముల్లు అరచేతిలో దిగింది. పెడబొబ్బలు. చెయ్యి కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పెట్టించి, ఒడ్డుకి తెచ్చి ఆసుపత్రికి పంపాను. ఆయనలాంటి పెద్దవాళ్ళు ఎక్కితే ఒకటే దారి. “సారు ఇక్కడ కూర్చోవాలండి” అని గౌరవంగా ఇంజను పక్కన, నడిమధ్య, అందరికంటే కింద కూర్చోబెట్టడం. చేతికి గొడుగో, చేపలబుట్టో ఇచ్చి, ఇది మీ పూచీ అనడం. హోదా తగ్గించకుండా ఎత్తు తగ్గించాలి, అర్థమైందా?

గంజాయి సంగతి వేరు. తాగినవాడు గోలచేసి ముందే చెప్తాడు, వీడు చెప్పడు. ఒకసారి కాలేజీ కుర్రాళ్ళు నలుగురు ఎక్కారు, మర్యాదస్థులు, గొంతెత్తలేదు. మడచెట్ల మలుపులో కాలుస్తుంటే వాసన నాకు తగిలింది. ఒక కుర్రాడు అంచున కూర్చుని, నీళ్ళవంకే చూస్తూ, “ఇక్కడ నడవొచ్చు కదా తాతా” అన్నాడు. నవ్వుతున్నాడు. నీళ్ళు మోకాలి లోతే గానీ కింద తొడల్లోతు నల్లబురద, పోటు ఎక్కుతోంది. వాడు ఒక కాలు బయట పెట్టేశాడు. వెనక నుంచి చొక్కా కాలరు పట్టుకుని లోపలికి కూలేశాను. అరవలేదు, తిట్టలేదు. గాలాలు చుట్టించి, బోటు వెనక్కి తిప్పాను. సగం డబ్బులు తిరిగిచ్చి, బళ్ళ తాళాలు నా దగ్గర పెట్టుకుని, వాళ్ళలో ఒకడి అన్నకి ఫోను చేయించాను. ఆ అన్నొచ్చి కారులో తీసుకెళ్ళాడు. ఏట్లోంచి దించేసి రోడ్డు మీదకి తోలేస్తే నేను కాపాడిందేంటి?

ఇంకొకటి. ఎవడైనా పడితే, వెంటనే దూకకండి. మునిగేవాడు మిమ్మల్ని ఎక్కి పైకి రావాలని చూస్తాడు. తాగినవాడైతే వదలనే వదలడు. తాడు విసరండి, గెడ అందించండి, ఖాళీ నూనె డబ్బా మూత బిగించి పారెయ్యండి. ఒకడు వేలు చూపిస్తూ వాడి మీంచి చూపు తిప్పకుండా ఉండాలి. దగ్గరకెళ్ళాక ఇంజను ఆపెయ్యాలి, కింద రెక్క ఉంటుంది. పైకి తీశాక, కక్కుకుంటే ఊపిరి ఆడేలా పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి. “చలికి ఓ గుక్క పోస్తే వేడొస్తుంది” అనేవాణ్ణి దగ్గరకి రానివ్వకండి. మందు తాగితే రక్తం చర్మంలోకొచ్చి వెచ్చగా అనిపిస్తుందే గానీ, లోపలి వేడి బయటికి పోతుందని మన డాక్టరు బాబు చెప్పాడు. వేడి కావాలంటే తడిబట్టలు విప్పి దుప్పటి కప్పాలి.

లైఫ్ జాకెట్లంటారా? 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి ఎన్ని ఇళ్ళల్లో ఏడుపులో మీకూ తెలుసు. అది వరద ఏరు, తాగుడు సంగతి కాదు. కానీ జాకెట్టు ఒంటి మీద ఉండాలనేది అందరికీ ఒకటే. తాగినవాడే మొదట “ఉక్కగా ఉంది” అని విప్పి తలకింద పెట్టుకుంటాడు. తాడు ముడి వాడికి అందకుండా వీపు వెనక వెయ్యండి.

మా పెదనాన్న దగ్గర్నుంచి నేను నేర్చిందంతా కలిపితే ఇంతే. తాడు విప్పకముందు మీరు సరంగులు. విప్పాక మీరూ వాడితో పాటు ప్రయాణికులే, కాకపోతే ఆ సంగతి వాడికి తెలియకూడదు. తిప్ప మీదకి ఎక్కించడం, పని చెప్పడం, ఇంజను ఆపడం, ఇవన్నీ రేవులో తేల్చుకోలేకపోయినవాడు నీళ్ళ మీద పడే పాట్లు. రేవులో అనే ఒక్క “తర్వాత రండి బాబూ”తో పోయేదానికి అంత సర్కసు దేనికి?

ఒరే పెద్దోడా, నిన్నే. కనుమ నాటికి గాలం పార్టీ బేరం ఒప్పుకున్నావట, వాళ్ళు ఐసు పెట్టె తెచ్చుకుంటామన్నారట. చేపలకో, సీసాలకో అడిగావా? అడగవు, అడ్వాన్సు తీసుకున్నావుగా. తెల్లారగానే ఫోన్ చెయ్యి. సీసా ఎక్కదని చెప్పు, తాగొస్తే డబ్బులు వెనక్కిస్తానని చెప్పు, వాళ్ళలో ముట్టనివాడు ఒకడుండాలని చెప్పు. ఎల్లుండి రేవులో చెప్తే గొడవ, ఇవాళ ఫోనులో చెప్తే కబురు. ఒప్పుకోలేదా, మరీ మంచిది. కనుమ నాడు కాకైనా కదలదన్నారు పెద్దలు. మీ అమ్మ మినపగారెలు వండుద్ది, తిని పడుకో.